నేల మీద పెట్టి లాగాలి

యార్డులో అందరూ ఆమెను ఎదురుగా స్టోరక్క అనేవారు, చాటుగా సైలెన్సరు లేని అక్క అనేవారు. చాటు పేరు ఆమె చెవిన పడకపోలేదు. పెట్టినవాడు ఇంజనులో ఒక భాగం పేరైనా సరిగ్గా నేర్చుకున్నాడు కదా అని ఊరుకుంది. ముక్కు మీద కోపం ఉన్న ఆ మనిషి జీవితంలో నోరు మూసుకుని ఊరుకున్న సంగతులు రెండే రెండు. ఒకటి ఇది. రెండోది ఆమెను ఆరేళ్ల పాటు కాల్చుకు తిన్నది.

యార్డంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక ప్రహరీ గోడ, ఒక ఇనుప గేటు, లోపల రేకుల షెడ్డు, షెడ్డు ముందు సిమెంటు అరుగు. రోడ్ల మీద పడిన చెట్లు తొలగించడం, కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం అక్కడివాళ్ల పని. షెడ్డులో చెక్క అర మీద ఏడు మోటారు రంపాలుంటాయి, ప్రతిదాని మీదా తెల్ల పెయింటుతో ఒక అంకె. షెడ్డుకు దూరంగా, గోడవారన, ఇనుప తలుపున్న చిన్న గదిలో పెట్రోలు ఉంటుంది. దాని తాళంచెవి స్టోరక్క ఖాకీ కోటు జేబులో తప్ప ఇంకెక్కడా ఉండదు.

పొద్దున ఆరున్నరకు వచ్చి ఆమె మొదట చేసే పని మిక్చరు కలపడం. అయిదు లీటర్ల పెట్రోలుకు వంద మిల్లీలీటర్ల టూటీ ఆయిలు, అంటే పెట్రోలులో కలిపే ఇంజను నూనె, గీతలున్న సీసాతో కొలిచి పోస్తుంది. క్యాను మూత బిగించి రెండు చేతులతో బాగా కుదుపుతుంది. కలిపిన క్యాను పిడికి ఎర్ర గుడ్డ కడుతుంది, కలపనిదానికి ఏమీ కట్టదు. ఎర్ర గుడ్డ లేని క్యాను జోలికి ఎవడైనా పోయాడో, వాడి పని అయిందన్నమాటే.

"అందాజుగా పోసేస్తా అక్కా, రోజూ చేసే పనేగా," అంటూ ఒకడు ఓసారి సీసా పక్కన పెట్టబోయాడు.

"మీ ఇంట్లో కూరలో ఉప్పు అందాజుగా వేసుకో. ఎక్కువైతే ఒక పూట తిండి పోతుంది. ఇక్కడ ఆయిలు తక్కువైతే పిస్టను పట్టేసి ఇంజనే పోతుంది. చెయ్యి తియ్."

చైనుకు వేరే ట్యాంకు, వేరే నూనె. జిగురుగా, తీగలా సాగే నూనె. పెట్రోలు ఎన్నిసార్లు పోస్తే అదీ అన్నిసార్లు పోయాలి, లేకపోతే చైను ఎండిపోయి, అది చుట్టూ తిరిగే ఇనుప బద్దను, అదే బారును, కొరికేస్తుంది. ఒకడు తెలివి మీరి లారీలోంచి తీసిన పాత నల్ల నూనె తెచ్చి పోశాడు. ఆమె అదంతా వంపించి, ట్యాంకు వాడి చేతే కడిగించి, కడుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి వాడి తెలివితేటల్ని మెచ్చుకుంది. ఆ మెప్పు కంటే రెండు దెబ్బలు తిన్నా బాగుండేదని వాడు తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

ఇంత విద్య ఆమెకు పుట్టుకతో రాలేదు. పెళ్లికి ముందు ఆమె యార్డు పక్కనే ఉన్న నర్సరీలో మొక్కలకు నీళ్లు పోసేది. మధ్యాహ్నం విరామంలో గోడ మీంచి రంపాల షెడ్డు కేసి చూస్తూ ఉండేది. అప్పట్లో షెడ్డును చూసుకునేది మేస్త్రీ. నుదుటి మీద ఎప్పుడూ ఒక నూనె మరక, చేతిలో ఎప్పుడూ ఒక ఆకురాయి. ఒకరోజు ఆమె, "మావయ్యా, ఆ చిన్న రబ్బరు బుడ్డ ఎందుకు నొక్కుతారు?" అని అడిగింది. గోడ అవతల నుంచి అడిగితే చెప్పనన్నాడాయన, లోపలికి రమ్మన్నాడు. అక్కడున్న మగవాళ్లు ఇకిలిస్తే, "ఈ మెషిన్‌కి ఆడా మగా తెలీదురా, పద్ధతే తెలుసు," అని వాళ్ల నోరు మూయించాడు. అలా రెండేళ్లు ఆమె విరామాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. కార్బొరేటరు విప్పడం, చైను పళ్లకు పదును పెట్టడం, బిగువు చూడటం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఆ షెడ్డులోనే ఆమెకు కాబోయే మొగుడు కూడా కనిపించాడు. జట్టులో అందరికంటే మంచి కోతగాడు. ఎడమ చేత్తో రంపం ముందు పిడి పట్టుకుని, దాన్ని కిందికి జారవిడిచినట్టు ఒక్క ఊపు ఊపి, అదే క్షణంలో కుడి చేత్తో తాడు పైకి లాగేవాడు. ఒక్క లాగుకే ఇంజను గర్రుమనేది. దాన్ని యార్డులో గాల్లో లేపడం అనేవారు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. వాళ్లలో ఆమె కూడా ఉంది, ఆ మాట ఇప్పుడు అడిగితే మాత్రం ఒప్పుకోదు. మేస్త్రీ ఒక్కడే తల కొట్టుకునేవాడు. "నేల మీద పెట్టి లాగరా. చైను బ్రేకు వేసి, కాలితో తొక్కి పట్టి లాగరా," అని మొత్తుకునేవాడు. "తొక్కి నడిపేది కుట్టుమిషను మేస్త్రీ," అని ఇతను జవాబిచ్చేవాడు, అందరూ పకపకా నవ్వేవాళ్లు. ఆ జోకు ఇప్పటికీ యార్డులో బతికే ఉంది.

ఆరేళ్ల కిందట ఒక పొద్దున, నాలుగో నంబరు రంపాన్ని అతను అలాగే గాల్లో లేపాడు. బ్రేకు వెయ్యలేదు. చోకు మీద లేచే ఇంజను నెమ్మదిగా మొదలవదు, మొదలవడమే జోరుగా మొదలవుతుంది. బ్రేకు లేకపోతే చైను కూడా దాంతో పాటే తిరుగుతుంది. ఒంటిచేతి పట్టులో రంపం గిర్రున మళ్లింది, బారు ఎడమ మోకాలి కింద దిగింది. మూడో రోజు డాక్టర్లు ఆ కాలు తీసేశారు.

మంచం మీద అతను మత్తు దిగగానే పెళ్లాం చెయ్యి పట్టుకుని అన్న మాట ఇది. "బ్రేకు పట్టలేదని చెప్పు. ముందురోజు నేను ఇంట్లో కూడా ఆ మాట అన్నానని చెప్పు. నాదే తప్పని తేలితే ఇంటికి పంపించేస్తారు. ఒంటికాలి వాడికి ఇంకెవరు పనిస్తారు?"

ఆమె చెప్పింది. విచారణ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ముగ్గురు, ఎదురుగా ఒక కుర్చీ. కుర్చీలో కూర్చుని, "అవునండీ, బ్రేకు సరిగ్గా పట్టట్లేదు, మేస్త్రీకి చెప్పినా చూడట్లేదు అని ముందురోజు ఇంట్లో అన్నారు," అని చెప్పింది. పక్కనే నిలబడ్డ మేస్త్రీ, "ఆ పొద్దున నేనే చూశాను, బ్రేకు పనిచేస్తోంది," అని ఒక్కసారి అన్నాడు. తర్వాత ఆమె మొహం కేసి చూసి ఇంకేమీ అనలేదు. కాలు పోయినవాడి మాట నెగ్గింది. మేస్త్రీని పనిలోంచి తీసేశారు. మొగుడికి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. ఖాళీ అయిన షెడ్డు చూసుకోవడానికి, పని తెలిసిన మనిషి కదా అని, ఆమెనే పెట్టారు. ఆ పని ఎవరు నేర్పారో అడిగినవాళ్లు లేరు.

నాలుగో నంబరుకు కొత్త బ్రేకు రాలేదు. ఆఫీసులో 'బాగు చేయబడింది' అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. బాగు చేయడానికి అందులో చెడిందేమీ లేదు. ఆమె రోజూ పొద్దున ఏడు రంపాల బ్రేకులూ చూస్తుంది. పిడి ముందున్న కాపుదల రేకును మణికట్టుతో తోస్తే నాలుగోది కూడా మిగతా ఆరింటిలాగే టక్కుమని పడుతుంది. ఆరేళ్లుగా ఆ టక్కు వింటూనే ఉంది, విన్న ప్రతిసారీ ఆ రోజు మొదట ఎదురైనవాడికి మూడేది.

యార్డులో ఎవరూ నాలుగో నంబరును ముట్టుకునేవారు కాదు. దాన్ని కాలు తిన్న రంపం అనేవారు. వారానికోసారి ఆమె ఒక్కతే దాన్ని స్టార్టు చేసి, శుభ్రం చేసి, మళ్లీ అర మీద పెట్టేది. మరి గాల్లో లేపడం మానేశారా అంటే, అదేం లేదు. ఇంకా పెరిగింది. పాపం ఎరగని రంపాన్ని వెలివేసి, కాలు తీసిన అలవాటును నెత్తిన పెట్టుకున్నారు. ఎందుకు పెట్టుకోరు? బ్రేకు చెడితేనే కదా కాలు పోయింది, గాల్లో లేపినందుకు కాదు కదా. అలా అని విచారణలో తేలింది కదా. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఊతకర్ర గోడకు ఆనించి, ఆమె మొగుడు వచ్చేపోయే కుర్రకారుకు తన రోజుల గొప్పలు చెప్పేవాడు. వాళ్లందరికీ అతను గేటు బావ. "ఒక్క లాగు. రెండో లాగు లాగినవాడు నా దృష్టిలో కోతగాడే కాదు," అనేవాడు. ఆ మాట స్టోరు దాకా వినిపించేది. ఆమె పళ్లు నూరుకునేది.

గేటు బావ అనే పిలుపు మొదలుపెట్టింది ఆమె సొంత తమ్ముడే. రెండేళ్ల కిందట జట్టులో చేరాడు. అమ్మా నాన్నా పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వాడికి అక్క మాట కంటే బావ మాట మీద గురి. చేరిన నెలకే గాల్లో లేపడం పట్టేశాడు. ఆమె తిట్టింది, బతిమాలింది, ఒకసారి అందరి ముందూ చెంప మీద ఒకటిచ్చింది. వాడు నవ్వేసేవాడు. "బ్రేకులు నువ్వే చూస్తావు కదక్కా. నీ చేతి కింద బ్రేకు ఎలా చెడుతుంది?" అనేవాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది. ఆ జవాబు బయటపెడితే మొగుడి కుర్చీ పోతుంది, తన తాళంచెవి పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో కూడా ఆమెకు తెలుసు, గేటు దగ్గర రోజూ కనిపిస్తూనే ఉంది.

గాలివాన వచ్చిన మర్నాడు సంగతి ఇది. తెల్లారేసరికి ఊళ్లో పద్నాలుగు చెట్లు పడ్డాయి. అన్నింటికంటే పెద్దది ఆసుపత్రి రోడ్డుకు అడ్డంగా పడింది. సూపర్‌వైజరు తన గదిలో ఫోను చెవికి అతికించుకుని, అటువాళ్లకు సర్ది చెబుతూ, ఇటువాళ్ల మీద అరుస్తూ ఉన్నాడు. రెండో నంబరు పట్టుకెళ్లిన తమ్ముడి జట్టు తొమ్మిదింటికి ట్రాలీలో తిరిగొచ్చింది, పెట్రోలు అయిపోయిందని.

తమ్ముడు దిగుతూనే రంపాన్ని అరుగు మీద పెట్టి, ఎర్ర గుడ్డ క్యాను అందుకుని, మూత మీద చెయ్యి వేశాడు. సైలెన్సరు ఇంకా పొగలు కక్కుతోంది.

"ఆగు," అంది స్టోరక్క.

"టైము లేదక్కా. అక్కడ అంబులెన్సులు ఆగిపోయాయి."

"నువ్వు కాలిపోతే నిన్ను ఎక్కించడానికి కూడా అంబులెన్సు ఉండదు. చల్లారనీ. పది నిమిషాలు."

"పది నిమిషాలా?"

"ఇప్పుడు పదకొండు."

వాడు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. జట్టులో పొడుగాటివాడు సిగరెట్టు తీసి పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆమె అగ్గిపెట్టె వాడి చేతిలోంచి లాక్కుని గోడ అవతలికి విసిరేసింది. వాడు సిగరెట్టును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ పది నిమిషాల్లో ఆమె చైను బిగువు చూసింది, బారు కింద వేలాడుతున్నదాన్ని, మరను అర చుట్టు తిప్పి బిగించింది. గ్లౌజు చేత్తో లాగితే చైను సాఫీగా జరిగింది. మూతల చుట్టూ పేరుకున్న రంపపు పొట్టును గుడ్డతో తుడిచింది, పొట్టు ట్యాంకులో పడితే ఇంజను గొంతు పట్టుకుంటుంది. సైలెన్సరు చల్లబడ్డాక మూతను నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తిప్పింది. లోపలి ఆవిరి బుస్సుమని పోయాక పూర్తిగా తీసింది. గరాటు పెట్టి, పైదాకా కాకుండా వేలెడు ఖాళీ ఉంచి పోసింది. పక్క ట్యాంకులో చైను నూనె నింపింది. రెండు మూతలూ బిగించి, ఒలికిన చుక్కలు తుడిచి, ఆ గుడ్డను దూరంగా రేకు డబ్బాలో పడేసింది.

"ఇక్కడ స్టార్టు చెయ్యకు. పెట్రోలు పోసిన చోటి నుంచి పది అడుగులు అవతలికి పో. నేల మీద పెట్టి..."

"తొక్కి పట్టి లాగు," అని జట్టంతా ఒకే గొంతుతో అందుకున్నారు. నవ్వులు.

తమ్ముడు పది అడుగులైతే అవతలికి పోయాడు, అక్క మాటలో ఆ సగం విన్నాడు. చోకు సగం లాగి, బ్రేకు వెయ్యకుండానే రంపాన్ని ఎడమ చేత్తో ఎత్తి, బావ లాగే ఊపు ఊపి, తాడు లాగాడు. ఇంజను లేచింది. చైను లేచింది. బారు గిర్రున లోపలికి మళ్లి వాడి ఎడమ మోకాలి మీదుగా పోయింది.

గుడ్డ చిరిగిన చప్పుడు ఆమెకు ఇంజను మోతలో కూడా వినిపించింది.

వాడు రంపం వదిలేశాడు, అది నేల మీద పడి ఎగిరెగిరి ఆగింది. ప్యాంటు మోకాలి కింద జానెడు చీలిక. లోపల చర్మం మీద గీత కూడా లేదు. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది. అంతలోనే సర్దుకుని, అందరూ చూస్తున్నారు కాబట్టి, నవ్వాడు.

"ఏం కాలేదులే అక్కా. ప్యాంటే పోయింది. చేతికి చెమట పట్టి జారిందంతే. బావకైతే బ్రేకు ఫెయిలైంది, ఇది బానే ఉంది కదా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట తమ్ముడి మీద కాదు. ఈసారి అది తన మీదేనని ఆమెకు బాగానే తెలిసింది. పెట్రోలు గదికి వెళ్లి తాళం వేసింది. అంతగా తిట్టే మనిషి ఏమీ అనకపోయేసరికి జట్టువాళ్లు నవ్వడం ఆపేశారు. ఆమె షెడ్డులోకి వెళ్లి నాలుగో నంబరును తెచ్చి, యార్డు మధ్యలో చదును నేల మీద పెట్టింది.

"అక్కా, అది వద్దు," అన్నాడు పొడుగాటివాడు.

"నోరు మూసుకుని చూడు."

కళ్లద్దాలు పెట్టుకుంది. కాపుదల రేకును ముందుకు తోసింది. టక్. బుడ్డ అయిదారుసార్లు నొక్కింది, చోకు పూర్తిగా లాగింది. బారు కొన ఏ రాయికీ తగలకుండా చూసుకుంది. కుడికాలి బూటు ముందు భాగాన్ని వెనక పిడిలో దూర్చి నేలకు తొక్కింది, ఎడమ చెయ్యి చాచి ముందు పిడిని బొటనవేలు చుట్టి పట్టుకుంది. తాడును బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి చురుగ్గా లాగింది. మూడో లాగుకు ఇంజను ఒక్కసారి దగ్గి ఆగింది. చోకు సగానికి తోసి మళ్లీ లాగింది. లేచింది. ఇంజను అంత జోరు మీదున్నా చైను కదల్లేదు, బ్రేకు పట్టుకునే ఉంది. రేసు మీట ఒకసారి నొక్కి వదిలి ఇంజనును నెమ్మది చేసి, రెండు చేతులతో ఎత్తి, బ్రేకు తీసింది. పాత అట్టపెట్టె ముందు బారు కొన పెట్టి రేసు ఇచ్చింది. అట్ట మీద సన్నటి నూనె చారిక పడింది, చైనుకు నూనె అందుతోందన్నమాట. చైను అలా తిరుగుతుండగానే ఎడమ మణికట్టుతో రేకును తోసింది. చైను ఉన్నచోటే ఆగిపోయింది.

ఇంజను ఆపేసింది. 

"చూశారు కదా. ఈ బ్రేకు ఎవరూ మార్చలేదు. ఆరేళ్ల కిందట ఆ పొద్దున ఉన్న బ్రేకే ఇది. ఆ రోజు కూడా ఇలాగే పట్టేది. మీ బావ దాన్ని వెయ్యలేదు. గాల్లో లేపాడు, కాలు పోయింది. బ్రేకు చెడిందని నేను అబద్ధం చెప్పాను. మేస్త్రీ పని ఊడింది."

గేటు దగ్గర కుర్చీ కిర్రుమంది. ఆమె మొగుడు ఊతకర్ర మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు. దవడలు బిగుసుకుని ఉన్నాయి.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? ఇంట్లో మాట నడిబజార్లో..."

"ఇంట్లో మాట కాదు. వీడి కాలి మాట."

"ఊరుకో అంటున్నానా."

"ఆరేళ్లు ఊరుకున్నాను. మీరు ఆ కుర్చీలో కూర్చుని రోజూ వీళ్లకు ఒక్క లాగు, ఒక్క లాగు అని నూరిపోస్తుంటే ఊరుకున్నాను. మేస్త్రీ మొహం గుర్తొచ్చి తిండి దిగకపోయినా ఊరుకున్నాను. మన ఇద్దరి పనీ పోనీండి. వీడి కాలు కూడా నా చేత్తో తీయించలేను."

తమ్ముడు బావ కేసి చూశాడు. "నిజమేనా బావా?"

అతను ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు, అప్పుడే అతని చూపు కిందికి దిగింది. తమ్ముడి ప్యాంటు మీద చీలిక. ఎడమ కాలు, మోకాలి కింద, సరిగ్గా తన ప్యాంటు మడిచి పిన్ను పెట్టుకునే చోటు. దాన్ని కాసేపు చూశాడు. ఎదురుగా ఉన్నవాళ్లకు ఆ కాసేపట్లోనే అతని వయసు కనిపించింది.

"ఆ రెండో నంబరు ఇక్కడ పెట్టు," అన్నాడు చివరికి.

తమ్ముడు పెట్టాడు.

"బ్రేకు వెయ్యి."

టక్.

"కుడికాలు వెనక పిడిలో పెట్టు. నేను చూపిద్దును. నా కుడికాలు అందులో పెడితే నిలబడడానికి నాకు ఇంకోటి లేదు. నీ కాలు పెట్టు."

వాడు కాలు పెట్టాడు.  "గట్టిగా తొక్కు. ఎడమ మోచెయ్యి వంచకు," అని బావ ఊతకర్రతో వాడి మోచేతిని తట్టాడు. గొంతు కోపంగానే ఉంది, ఆ కోపం ఇన్నాళ్లకు సరైన చోటుకు తిరిగింది. వాడు తాడు లాగాడు. రెండో లాగుకు ఇంజను లేచింది. కుట్టుమిషను జోకు ఎవరూ వెయ్యలేదు.

స్టోరక్క తాళం తీసి వాళ్లకు కావలసిన క్యాన్లు ఇచ్చి పంపింది. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం మీద విచారణలో తాను చెప్పింది అబద్ధమని రాసి, సంతకం పెట్టి, సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది. ఆయన ఫోను చేత్తో మూసి చదివాడు.

"ఇదేంటమ్మా, ఎప్పుడో మూసేసిన ఫైలు. ఇప్పుడు కదిలిస్తే నీ పనికే ఎసరు. చించెయ్."

"ముద్ర వేసి పైకి పంపండి. మీరు పంపకపోతే నేనే పట్టుకెళ్లి ఇస్తాను. ఇచ్చేటప్పుడు, 'బాగు చేయబడింది' అని రాసిన కాగితం ఎవరిదో కూడా అడుగుతాను."

ఆ రాత కింద ఉన్న సంతకం ఆయనదే. ముద్ర పడింది.

సాయంత్రం పని దిగాక ఆమె బస్సులు ఆగే చోటి వెనక సందులోకి వెళ్లింది. ఆ సందులో ఒక షట్టరు కొట్టు. లోపల విప్పిన నీళ్ల పంపులు, గోడకు తగిలించిన కత్తెరలు, వాటి మధ్య చిన్న స్టూలు మీద మేస్త్రీ. జుట్టు మొత్తం నెరిసింది. నుదుటి మీద నూనె మరక మాత్రం అక్కడే ఉంది. ఆరేళ్లలో ఆమె ఆ సందు మొదటి దాకా వచ్చి వెనక్కి వెళ్లిన రోజులు చాలా ఉన్నాయి. ఆయన తలెత్తి చూశాడు. కూర్చోమనలేదు.

ఆమె నిలబడే చెప్పింది, ఏదీ దాచకుండా. ఆయన వింటూ ఒక కత్తెరకు ఆకురాయి పెడుతూనే ఉన్నాడు.

"ఎవరి ముందు చెప్పావు?"

"అందరి ముందూ. రాసి ఆఫీసులో కూడా ఇచ్చాను."

"ఇవాళే ఎందుకు?"

"తమ్ముడు గాల్లో లేపాడు మావయ్యా. ప్యాంటు చీరుకుపోయింది."

ఆకురాయి ఆగింది. "కాలు?"

"బాగుంది. గీత కూడా పడలేదు."

మళ్లీ కదిలింది. "అంటే నువ్వు నా కోసం రాలేదు. ఆ కాలు కోసం వచ్చావు."

 ఆరేళ్లు ఆగిన మనిషి కాదంటే ఎవరు నమ్ముతారు? "అవును మావయ్యా," అంది. "కోపం ఉంటే తిట్టండి. కొట్టినా పడతాను."

"తిట్టను," అన్నాడాయన. "తిడితే నీకు తేలికవుతుంది."

రోజుకు పదిమందిని తిట్టే మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె తల వంచుకుని వెనక్కి తిరిగింది. కొట్టు మెట్టు దిగుతుండగా వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"నాలుగో నంబరు బ్రేకు ఇంకా పడుతోందా?"

"పడుతోంది మావయ్యా. రోజూ పొద్దున చూస్తాను. టక్కుమంటుంది."

ఆయన తల ఊపి, కత్తెరను వెలుగుకు ఎత్తి పదును చూసుకుని, మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.